పుట్టిన నెల, తడబడే చేయి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసింది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్నాం. పుట్టిన కాలాన్ని గురించి వైద్యులు వేసిన లెక్క ఒకటి ఉంది, అదీ వినండి.

1929లో స్విట్జర్లాండు వైద్యుడు ట్రామెర్ మనోవ్యాధిగ్రస్తుల జన్మతేదీలు పరిశీలించి, చలికాలపు పుట్టుకలు కొంచెం ఎక్కువన్నాడు. 1999లో డెన్మార్కువారు పదిహేడున్నర లక్షల మంది వివరాలు తీసి చూడగా, స్కిజోఫ్రీనియా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారిలో హెచ్చుగాను, ఆగస్టు, సెప్టెంబరు నెలలవారిలో తక్కువగాను తేలింది.

మాఘ ఫాల్గుణాలలో బిడ్డలను కన్న తల్లులు భయపడనక్కర లేదు. వెయ్యిమందిలో ఏడుగురికి వచ్చే జబ్బు ఏడున్నర మందికి వచ్చినట్లు, అంతే తేడా. అదీ చలిదేశాల మాట. భూమధ్యరేఖ చెంతనున్న సింగపూరులో ఈ తేడా కనిపించలేదు. గర్భిణికి శీతకాలంలో సోకే జ్వరాలా, ఎండ చాలకపోవడమా, కారణం ఇంకా తేలలేదు. జాతకాలు చూసే పెద్దలు దీన్ని కొత్త దోషంగా చేర్చకుందురు గాక!

అంతకంటె గమనించదగినది చేతి తడబాటు. పిడికిలి, చేతి అంచు, అరచేయి వరుసగా బల్లమీద ఆనించమంటారు వైద్యులు. కళ్ళు మూయించి అరచేతిలో అంకె వ్రాసి, ఏమిటది అని అడుగుతారు. ఈ జబ్బున్నవారిలో సగానికి పైగా ఇటువంటి చోట్ల తడబడతారు. ఇంకా మందు ముట్టని రోగులలోనూ ఇది ఉన్నట్లు బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు చూశారు. కనుక నెపమంతా మందులమీద వేయరాదు. మెదడులో పనుల పొందిక కుదరకపోవడానికి అది గుర్తు. ఆరోగ్యవంతులలోనూ కొందరికి ఈ తడబాటు ఉంటుంది. దీనినిబట్టి ఇంట్లోనే జబ్బు నిర్ణయించరాదు.

మన ఇళ్ళల్లో జరిగేది వేరు. ఇరవయ్యేళ్ళ కుర్రవాడు గదిలోంచి రాడు, లేని మాటలు వినిపిస్తున్నాయంటాడు, చొక్కా బొత్తాములకు తంటాలు పడతాడు. సోమరి అని తిడతాం. తర్వాత, పెండ్లి చేస్తే కుదురుకుంటాడంటాం. ఆ మాట నమ్మి స్వగ్రామంనుంచి తెచ్చిన పిల్లకు సంగతి చెప్పం. ఇద్దరికీ అన్యాయమే. మందు మాత్రం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

పరభాషా పట్టణంలో బిడ్డ బాధ డాక్టరుకు చెప్పలేక తిరిగివచ్చిన తల్లులు మనలో ఉన్నారు. 2022లో ప్రభుత్వంవారు టెలీ మానస్ అనే ఉచిత సహాయం పెట్టారు. ఫోను సంఖ్య 14416. రాత్రింబగళ్ళు తెలుగులోనూ మాట్లాడవచ్చు. నక్షత్రం చెప్పనక్కర లేదు; నిద్ర ఎన్నాళ్ళుగా లేదో, ఏమి వినిపిస్తోందంటున్నాడో, ఎవరితో మాటలు మానేశాడో చెప్పండి.