చెడిన యంత్రము – చేయవలసిన ఆలోచన

వ్యవసాయపు పనిముట్లు చెడుట మనకు కొత్త కాదు. కఱ్ఱు అరిగినచో కమ్మరి సాగగొట్టును. బండి ఇరుసు విరిగినచో వడ్రంగి మార్చును. ఆ పనులలో ఏమి చెడినదో యజమాని కంటికే కనబడును. ఎంత ఖర్చగునో ముందే తెలియును. నేడు మన పొలములలో తిరుగుచున్న కొన్ని యంత్రముల సంగతి అట్లు కాదు. అవి నిలిచిపోయినపుడు ఏమి చెడినదో పైకి కనబడదు. మరమ్మతునకు అడుగు మొత్తము మాత్రము లక్షలలో ఉండును. అంత సొమ్ము పెట్టి బాగుచేయింపవలెనా, వచ్చిన ధరకు అమ్మివేయవలెనా అను ప్రశ్న ఒక్క రైతుది కాదు. అది ఆ యింటిల్లిపాదికి సంబంధించినది. అట్టి యంత్రభాగములలో ఒకటైన హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్‌ను గురించి ఇప్పుడు ముచ్చటింతము.

పేరు పెద్దదైనను సూత్రము సులభమే. మన వాడుకలోని ట్రాక్టరులో ఇంజను బలము గేరుపెట్టెలోని పండ్లచక్రముల ద్వారా వెనుక చక్రములకు చేరును. రైతులు ‘హైడ్రాలిక్’ అని పిలుచునది నాగలిని పైకెత్తు ఏర్పాటు మాత్రమే. బండి నడకతో దానికి సంబంధము లేదు. హైడ్రోస్టాటిక్ పద్ధతిలోనైతే బండిని నడపునదే చమురు. ఇంజను ఒక పంపును త్రిప్పును. ఆ పంపు చమురును గొప్ప ఒత్తిడితో మోటారునకు పంపును. మోటారు చక్రములను త్రిప్పును. పని ముగిసిన చమురు మరల పంపును చేరును. పంపులో వాలు మార్చుకొనగల పళ్ళెము ఒకటి ఉండును. చోదకుడు మీటను జరిపినపుడు దాని వాలు మారును. వాలు పెరిగినకొలది బండి వేగము పెరుగును. వాలు లేనిచో బండి నిలుచును. ఎదురు దిక్కునకు వాలినచో వెనుకకు నడచును. వేగము మార్చిన ప్రతిసారి క్లచ్చి త్రొక్కవలసిన పని లేదు.

ఇంగ్లండులోని జాతీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థవారు 1954లో ఇట్టి ప్రయోగ ట్రాక్టరును నిర్మించిరి. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1967లో 656 అను ట్రాక్టరును ఈ పద్ధతితో అమ్మకమునకు తెచ్చినది. నేడు ఆ దేశములో తోటలలో వాడు చిన్న ట్రాక్టరులు పెక్కు ఇట్టివే. మన పల్లెలలోని ట్రాక్టరులు చాలవరకు గేరుపెట్టెలతోనే నడచుచున్నను, చైన్లపై నడచు వరికోత యంత్రములలోను, కూర్చుండి నడపు నాటు యంత్రములలోను ఈ పద్ధతి మన ఊళ్ళకు వచ్చినది. కోత యంత్రమునకు దీనివలన గొప్ప సౌకర్యము కలదు. పైరు ఒత్తుగా ఉన్నచోట నడక తగ్గింపవలెను. కాని నూర్చు డ్రమ్ము వేగము తగ్గరాదు. ఇంజను వేగము మార్చకయే నడకను మార్చుకొనుటకు చమురు నడక వీలు కల్పించును.

సౌకర్యమునకు తగిన సున్నితత్వమును దీనిలో కలదు. లోపలి చమురు చదరపు సెంటీమీటరునకు 200 కిలోలకు పైబడిన ఒత్తిడితో పనిచేయును. ఆ ఒత్తిడిని నిలుపుకొనుటకు లోపలి భాగముల నడుమ ఎడము తల వెండ్రుక మందములో కొద్ది వంతు మాత్రమే ఉండును. అందుచేత సన్నని దుమ్ము, చమురులో కలసిన నీరు, లోపలికి పీల్చబడిన గాలి, మితిమీరిన వేడి, ఈ నాలుగును దానికి ప్రాణాంతకములు.

డెల్టాలోని ఒక గ్రామమున అన్నదమ్ములిద్దరు ఉమ్మడిగా ఒక పాత కోత యంత్రమును కొనిరి. మేమా కుటుంబమును ఎరుగుదుము. సార్వా కోతల నడుమ, ఆకాశమున మబ్బు పట్టియుండగా, యంత్రము గట్టు ఎక్కలేక నిలిచిపోయినది. ప్రొద్దుట చల్లగా ఉన్నపుడు నడచును. వేడెక్కిన గంటకు బలము తగ్గును. పంపు మార్చిన చాలునని ఒకరు, మొత్తము మార్చవలెనని మరియొకరు చెప్పిరి. తమ్ముడు ఎట్లైనను బాగుచేయింపవలెనని పట్టుబట్టెను. అన్న అమ్మివేయుదమనెను. సొమ్మునకు వదినగారి గాజులు తప్ప వేరు దారి లేదు. అపుడామె అడిగిన దొకటే మాట: “ఇప్పుడెందుకు చెడిందో చెప్పలేనివాళ్ళు, మళ్ళీ చెడదని ఎలా చెబుతారు మరిదీ?”

మా ఉద్దేశములో ఈ విషయమున అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే. ఎంత ఖర్చగునను ప్రశ్న దీని తరువాతిది. కారణము తెలియక మార్చిన కొత్త పంపు, పాత పంపును చంపిన కారణముచేతనే చచ్చును.

కారణము వెదకుటకు ఒక క్రమము కలదు. మొదట ఖర్చు లేనివి చూడవలెను. చమురు మట్టము సరిగా ఉన్నదా? పాలవలె తెల్లబడినదా? తెల్లబడినచో నీరో, గాలియో కలసినదని అర్థము. మాడిన వాసన వచ్చుచున్నదా? మీటకు, పంపునకు నడుమనున్న కడ్డీ ఊడినదా? పంపును త్రిప్పు బెల్టు జారుచున్నదా? కొన్ని బండ్లలో బండిని త్రోయుటకు వీలుగా ఒక కవాటము ఉండును. అది తెరచియున్నచో పంపు బాగున్నను బండి కదలదు. చమురు చల్లార్చు కూలరు రెక్కల నడుమ గడ్డినలుసు పేరుకొన్నదా? ముందునకు నడచి వెనుకకు మాత్రము నడవనిచో, పంపు మొత్తము పోయినదని తలంపరాదు. ఆ ప్రక్కనున్న చిన్న కవాటము చెడి యుండవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. చమురు ఎచట కారుచున్నదో చేతితో తడవి చూడరాదు. ఆ ఒత్తిడికి సన్నని ధారగా వెలువడిన చమురు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిమొన అంత కనబడినను వెంటనే శస్త్రచికిత్స కావలసి వచ్చును. అట్టి గాయమైనచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

రెండవది ఫిల్టరు. దానిని విప్పించి, కోయించి, లోపలి కాగితమును తెల్లని గుడ్డపై పరచి చూడవలెను. ఏమియు లేనిచో ఆశ కలదు. ఇత్తడి వన్నె తళుకులు కనబడినచో లోపలి మెత్తని లోహభాగములు అరుగుచున్నవని గ్రహింపవలెను. మూడవది ఒత్తిడి కొలత. పంపునకు నిరంతరము చమురు అందించు చిన్న పంపు వేరుగా ఉండును. దాని ఒత్తిడిని చల్లగా ఉన్నపుడును, వేడెక్కిన తరువాతను గేజితో కొలిపించి, తయారీదారుల పుస్తకములోని అంకెతో పోల్చవలెను. గేజి లేక, ఫిల్టరు విప్పక, చెవితో విని మాత్రమే మొత్తము మార్చవలెననువాని మాటపై లక్షలు పెట్టరాదు.

తళుకులు కనబడినచో మరియొక చిక్కు కలదు. ఆ పొడి పంపులోనే నిలువదు. చమురుతోపాటు మోటారునకు, గొట్టములకు, కూలరునకు పోవును. పంపు ఒక్కటే మార్చి తక్కినవి శుభ్రపరచనిచో, మిగిలిన పొడి కొత్త పంపును తినివేయును. సగము మరమ్మతు చౌకగా తోచును గాని, నిజమునకు అదియే అన్నిటికంటె ఖరీదైనది. చేయించినచో పూర్తిగా చేయింపవలెను, లేనిచో మానుకొనవలెను.

ఇక లెక్క. ఉదాహరణమునకు, చెడిన స్థితిలో యంత్రమునకు 4 లక్షలు వచ్చుననుకొందము. పూర్తి మరమ్మతునకు 3 లక్షలు కావలెను. బాగైన వెంటనే అమ్మినచో 6 లక్షలు వచ్చును. అమ్మదలచినవాడు బాగుచేయించినచో లక్ష నష్టపడును. ఉంచుకొని నడపువాని లెక్క వేరు. ఇంధనము, చోదకుని జీతము, వడ్డీ పోగా కోతకాలమునకు 2 లక్షలు మిగిలినచో, రెండు కోతకాలములకు 4 లక్షలు. ఆపైన అమ్మకపు ధర 4న్నర లక్షలు. మొత్తము 8న్నర. వదలుకొన్న 4 లక్షలు, పెట్టిన 3 లక్షలు తీసివేయగా లక్షన్నర లాభము. అయితే ఆ రెండు కోతకాలములలో మరియొక పెద్ద భాగము చెడరాదు. కొన్ననాడు పెట్టిన సొమ్ము ఎంతయైనను ఈ లెక్కలోనికి రాదు. అది పోయిన సొమ్ము. “ఇంత పెట్టితిమే” అను బాధచేత మరికొంత పెట్టుట వివేకము కాదు.

ఆ అన్నదమ్ములు ఫిల్టరు విప్పించిరి. గుడ్డ నిండ తళుకులే. కూలరు రెక్కలు గడ్డినలుసుతో మూసికొనిపోయి, చమురు కాలముతరబడి కాగినదని తేలినది. పూర్తిగా బాగుచేయుట సాధ్యమే. కాని చైన్లు రెండును అరిగి, మరుసటి కోతలకు మార్చక తప్పని స్థితిలో ఉన్నవి. ఆ ఖర్చును కలిపి వ్రాసిన తరువాత లాభము మిగులలేదు. తమ్ముడు చాలసేపు మాటలాడలేదట. చివరకు లోపమును దాచక చెప్పి యంత్రమును అమ్మిరి. ఆ యేడు తమ పంటను అద్దె యంత్రముతో కోయించుకొనిరి. వాయిదాలు ఇంకను తీరలేదు. గాజులు మాత్రము నిలిచినవి. చైన్లు కొత్తవై యున్నచో వారే మరియొక నిర్ణయము చేసియుందురు. అదియు తప్పు కాకపోయెడిది.

బాగుచేయింపదలచినవారు ముందుగా అంచనాను కాగితముపై వ్రాయించుకొనవలెను. కూలరు, గొట్టములు శుభ్రపరచు పని అందులో చేరినదో లేదో చూడవలెను. మార్చిన పాత భాగములను తిరిగి ఇమ్మని అడుగవలెను. ఆ అడుగుటలో చిన్నతనమేమియు లేదు. చెడని యంత్రము గలవారు కోతల రోజులలో ప్రతిదినము కూలరునకు గాలి కొట్టించుకొనవలెను. చమురును, ఫిల్టరును తయారీదారులు చెప్పిన గంటలకు మార్చవలెను. చెప్పిన రకపు చమురునే పోయవలెను. నిలిచిన యంత్రమును విడుదల చేయకుండ లాగించరాదు. యంత్రము నడచిన గంటలు, పోసిన చమురు, మార్చిన భాగములు ఒక నోటుబుక్కులో ఇంటివారెవరైనను వ్రాసియుంచినచో, మెకానిక్కు వచ్చిననాడు అతనికి చూపుటకు ఒక ఆధారము ఉండును.