హెచ్-4 వర్క్ పర్మిట్ కేసు: సుప్రీంకోర్టు చెప్పనిది



2025 అక్టోబర్ 14న అమెరికా సుప్రీంకోర్టు, సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంఘం పెట్టుకున్న అప్పీలు వినబోమని చెప్పేసింది. ఆ సాయంత్రం నాకొచ్చిన ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. "హెచ్-4 వాళ్ళ ఉద్యోగాలకి ఇక ఢోకా లేదటగా? సుప్రీంకోర్టే తేల్చేసిందటగా?" అందరిదీ ఇదే ప్రశ్న. తేల్చలేదండీ. ఆ సంగతి చెబుదామనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ముందు కథ కొంచెం చెప్పుకోవాలి. హెచ్-1బి మీద వచ్చినవాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ వచ్చేది హెచ్-4 వీసా. 2015 దాకా దాని మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. ఎమ్‌సీఏలు, ఫార్మసీలు చదివొచ్చిన మన ఆడపిల్లలు ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నారు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏటా ఏడు శాతమే అన్న లెక్క వల్ల మనవాళ్ళ క్యూ ఎంత పొడుగో మీకు నేను చెప్పాలా! 2015 మే 26 నుంచి ఒబామా ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. హెచ్-1బి వారికి ఐ-140 మంజూరై ఉన్నా, గ్రీన్‌కార్డు దారిలో ఉండి ఆరేళ్ళు దాటాక పొడిగింపు దొరికినా, హెచ్-4 వారు వర్క్ పర్మిట్ అడగవచ్చు.

రూలు అమల్లోకి రాకముందే కేసు పడింది. వేసినవాళ్ళు సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్‌లో పనిచేసిన ఐటీ ఉద్యోగులు. తమని తీసేసి హెచ్-1బి వాళ్ళని పెట్టారన్నది వాళ్ళ గోడు. ఆ గోడు ఉత్తదని నేననను. అయితే కోర్టులో వాళ్ళ వాదన వేరు. హెచ్-4 వారిని దేశంలోకి రానివ్వమంది కాంగ్రెస్, పని చేసుకోనివ్వమని ఎక్కడ అంది? డిపార్ట్‌మెంటుకి ఆ అధికారం ఎవరిచ్చారు? ఇదీ ప్రశ్న.

2016లో కింది కోర్టు, మీకు నష్టమేదీ లేదు పొమ్మంది. 2019లో పై కోర్టు, పోటీ పెరగడం నష్టమే, కేసు వినండి అని తిప్పి పంపింది. 2023 మార్చిలో జడ్జి టాన్యా చట్కన్ ప్రభుత్వం వైపు తీర్పిచ్చారు. 2024 ఆగస్టు 2న వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. విదేశీ విద్యార్థుల ఓపీటీ మీద 2022లో తామిచ్చిన తీర్పు ఉంది, దీనికీ దానికీ చెప్పుకోదగ్గ తేడా చూపలేకపోయారు, అంది. అప్పటికి అయిదు వారాల ముందే సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో, చట్టంలో స్పష్టత లేనిచోట ప్రభుత్వ శాఖ చెప్పిన అర్థానికి కోర్టులు తలొగ్గక్కర్లేదని, 40 ఏళ్ళ పాత పద్ధతిని కొట్టేసింది. దాంతో ఈ రూలు కూడా పోతుందని చాలామంది భయపడ్డారు. పోలేదు.

ఇక అసలు మాట. సుప్రీంకోర్టు ఒక కేసు వినాలంటే తొమ్మిదిమందిలో నలుగురు సరేననాలి. వినమంటే కింది తీర్పు అలాగే నిలబడుతుంది, అంతే. అది సరైనదని సుప్రీంకోర్టు అన్నట్టు కాదు. రేపు ఇంకో రాష్ట్రంలో ఇంకెవరైనా ఇదే ప్రశ్నతో కోర్టుకెక్కితే, నిన్ననే తేల్చేశాం కదా అనడానికి వీల్లేదు.

ఇంకో సంగతి నాకు ఎక్కువ బెంగ. ఎల్-2 వాళ్ళకి పని హక్కు 2002లో కాంగ్రెస్ చేసిన చట్టంలోనే ఉంది. హెచ్-4 వాళ్ళది ఉట్టి రూలు. రూలు పెట్టిన చెయ్యే తీసెయ్యవచ్చు. 2017లో ట్రంప్ ప్రభుత్వం తీసేస్తామని ప్రకటించింది, 2019లో ముసాయిదా శ్వేతసౌధం పరిశీలనకి కూడా వెళ్ళింది. 2021 జనవరిలో బైడెన్ వచ్చాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. రెండు జీతాలు చూపించి ఇల్లు కొన్నవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

దూరం ఎందుకు, అప్పీలు కొట్టేసి పదహారు రోజులైనా గడిచిందో లేదో, 2025 అక్టోబర్ 30న డిపార్ట్‌మెంటు ఇంకో రూలు మార్చింది. ఆ రోజు నుంచి పెట్టే రెన్యూవల్ అప్లికేషన్లకి 540 రోజుల దాకా ఉండే ఆటోమేటిక్ పొడిగింపు తీసేసింది. పాత కార్డు గడువు తీరేలోపు కొత్త కార్డు రాకపోతే ఆ రోజుతో పని ఆపాల్సిందే. ఏ కోర్టూ అక్కర్లేకపోయింది చూశారా! కార్డు గడువుకి 180 రోజుల ముందునుంచే రెన్యూవల్ పెట్టుకోవచ్చు కాబట్టి, ఇవాళ రాత్రే మీ ఇంట్లో కార్డు తీసి తేదీ చూడండి.