రాతిలో నిలిచిన తాకిడి సాక్ష్యం

(షోళింగనల్లూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు నుండి వచ్చిన మీ ముందు ఈ రోజు ఆకాశం నుండి రాలిన రాళ్ళను గురించి మాట్లాడదలచాను. న్యాయవాదికి ఉల్కలతో పనేమిటని మీరు అడగవచ్చు. సాక్ష్యాన్ని తూచడం నా వృత్తి. దస్తావేజు మీద ఉన్న తేదీ ఏ సంఘటనకు చెందినదో తేల్చడం అందులో మొదటి మెట్టు. ఉల్కాశిలల వయస్సును నిర్ణయించే శాస్త్రజ్ఞులు చేసే పనీ అదే.

ఈ విషయం మన నేలకు పరాయిది కాదు. 1814లో మదనపల్లె సమీపంలోని గుర్రంకొండలోనూ, 1852 జనవరి 23న నెల్లూరు ప్రాంతంలోనూ ఉల్కాశిలలు పడ్డాయి. 1857లో మదురై ప్రాంతంలో పడినది పర్నల్లీ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఉల్కకు అది దొరికిన చోటి పేరు పెట్టడం ఆనవాయితీ గనుక మన ఊళ్ళ పేర్లు ప్రపంచ ఉల్కల పట్టికలో నిలిచి ఉన్నాయి. గుర్రంకొండ, నెల్లూరు రాళ్ళు రెండూ ఎల్‌6 తరగతివి. ‘ఎల్‌’ అంటే ఇనుము తక్కువగా ఉన్న వర్గం. ‘6’ అంటే తమ మాతృశకలం లోపల తొలినాళ్ళలో పుట్టిన వేడికి బాగా మారినవని అర్థం. పర్నల్లీ ఆ వేడి అంతగా సోకని 3వ రకం రాయి. ఆ లోపలి వేడి వేరు, తరువాతి తాకిళ్ళ వేడి వేరు. రెండింటినీ కలిపి చూడరాదు.

అంగారకునికీ బృహస్పతికీ నడుమ తిరిగే గ్రహశకలాలు సెకనుకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటాయి. ఆ దెబ్బకు ఆలివిన్‌ అనే ఖనిజం పగుళ్ళు తీస్తుంది. ఫెల్డ్‌స్పార్‌ స్ఫటికం గాజుగా మారుతుంది. 1865లో బీహారులోని షేర్ఘాటీ వద్ద పడిన రాయిలో చెర్మాక్‌ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఇటువంటి గాజును గుర్తించి, 1872లో మాస్కెలినైట్‌ అని పేరు పెట్టాడు. దెబ్బ మరింత గట్టిదైతే రాయి అక్కడక్కడ కరిగి, నల్లని సన్నని చారలుగా గడ్డకడుతుంది. ఆ చారలలో రింగ్‌వుడైట్‌ వంటి ఖనిజాలు దొరుకుతాయి. భూమిలోనైతే అది ఏర్పడడానికి 500 కిలోమీటర్లకు మించిన లోతులోని ఒత్తిడి కావాలి. ఇటువంటి గుర్తులను బట్టి 1991లో దెబ్బ తీవ్రతను ఎస్‌1 నుండి ఎస్‌6 దాకా ఆరు మెట్లుగా విభజించారు.

గుర్తులు దెబ్బ ఎంత గట్టిదో చెబుతాయి. ఎప్పుడు తగిలిందో చెప్పవు. దానికి గడియారం కావాలి. రాతిలోని పొటాషియం-40లో సగం తరిగిపోవడానికి సుమారు 125 కోట్ల సంవత్సరాలు పడుతుంది. తరిగిన దానిలో పదో వంతుకు పైగా ఆర్గాన్‌ వాయువుగా మారి రాతిలోనే చిక్కుకొని ఉంటుంది. రాయి బాగా వేడెక్కితే ఆ వాయువు బయటికి పోయి, గడియారం మళ్ళీ సున్న నుండి మొదలవుతుంది. ఇక్కడొక మెలిక ఉన్నది. తాకిడి ఒత్తిడి క్షణకాలంలో ముగుస్తుంది. వాయువును తరిమేది ముఖ్యంగా ఆ తరువాత నిలిచే వేడి. కనుక గట్టి దెబ్బ తిన్న రాయి కూడా వెంటనే చల్లారితే పాత వాయువును కొంత దాచుకొనగలదు.

అందుకే పరిశోధకులు రాతి తునకను అణు రియాక్టరులో న్యూట్రాన్ల తాకిడికి గురిచేస్తారు. పొటాషియంలో కొంత ఆర్గాన్‌-39గా మారుతుంది. ఆ పైన తునకను మెట్లుమెట్లుగా వేడిచేసి, ప్రతి మెట్టులో వెలువడిన రెండు రకాల ఆర్గాన్‌ను కొలుస్తారు. తక్కువ వేడికే వదిలే భాగం ఒక వయస్సు, ఎక్కువ వేడికి గాని వదలని భాగం అంతకంటె పెద్ద వయస్సు చెబితే, గడియారం సగమే చెరిగిందని గ్రహిస్తారు. జన్మతేదీని, దెబ్బ తేదీని విడదీసే మార్గమిది.

సౌరకుటుంబం వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. కాని ఎల్‌ వర్గంలో గట్టి దెబ్బ తిన్న అనేక రాళ్ళ ఆర్గాన్‌ గడియారాలు సుమారు 47 కోట్ల సంవత్సరాలను చూపుతున్నాయి. ఒక పెద్ద గ్రహశకలం అప్పుడు బద్దలైందని దీని భావం. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పరాదు గదా! రెండవ సాక్షి స్వీడన్‌లో దొరికింది. కిన్నెకుల్లె కొండ వద్ద, దాదాపు అదే కాలపు సున్నపురాతి పొరలలో వందకు పైగా శిలాజ ఉల్కలు బయటపడ్డాయి. వాటిలో దాదాపు అన్నీ ఎల్‌ వర్గానివే. అంతరిక్ష కిరణాలు సోకిన కాలం కింది పొరల రాళ్ళలో సుమారు లక్ష సంవత్సరాలు. పైపొరలకు వచ్చేకొద్దీ అది పది లక్షలు దాటింది. ఒకే విస్ఫోటం నుండి వరుసగా వచ్చిన రాళ్ళే అటువంటి వరుసను చూపగలవు.

ఈ సాక్ష్యం చెడకుండా కాపాడవలసినది మొదట రాయి పడిన ఊరివారు. రేపు మీ పొలంలో అటువంటి రాయి పడితే కడగవద్దు, కాల్చవద్దు, పగలగొట్టవద్దు. అయస్కాంతాన్ని తాకించవద్దు, అందులోని ప్రాచీన అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది. పసుపు, కుంకుమ, నూనె పూయవద్దు. పడిన వేళ, వచ్చిన దిక్కు, విన్న చప్పుడు చూచినవారి చేత వెంటనే వ్రాయించండి. వ్రాత తెలుగులోనే ఉండవచ్చు. చూచినవాని మాట వాని నోటి భాషలో ఉంటేనే వివరం చెడదు. రాయిని శుభ్రమైన సంచిలో ఉంచి, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు కబురు చేయండి.

47 కోట్ల ఏళ్ళనాటి వేడి చెరిపినది చెరిపింది. మిగిలిన సాక్ష్యం మన అజాగ్రత్తతో చెరగకుండా చూడడం మన బాధ్యత.