బాతు అని పిలువబడిన పుణ్యవతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

ఇట్టి సభలలో రాజులనుగూర్చియు, కవులనుగూర్చియు ప్రసంగించుట పరిపాటి. నేను లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. గురుశుశ్రూష చేయక, రాత్రులు దీపము ముందు కూర్చుండి భారత భాగవతములు చదువుకొన్నవాడను. ఆ చదువే నన్ను నేడు దూరదేశపు నర్సు యొకతెను స్మరింపుమని పురికొల్పినది. ఆమె మతము వేఱు, భాష వేఱు. అయినను రంతిదేవుని కథ నెఱిగినవారి కామె పరాయిది కాదు.

ఇటలీ దేశమున విచెంజా నగరమునకు సమీపమున బ్రెందోలా యను పల్లె కలదు. అచ్చట 1888 అక్టోబరు 6వ తేదీన ఒక పేద రైతుకుటుంబమున ఆమె జన్మించెను. తల్లిదండ్రు లిడిన పేరు అన్నా ఫ్రాంచెస్కా బోస్కార్దిన్. తండ్రి త్రాగుబోతు, ఇంట కలహములు సృష్టించువాడు. ఈ మాట లోకులు పుట్టించినది కాదు. తరువాతి కాలమున కుమార్తె పవిత్రతనుగూర్చి మతాధికారులు విచారణ జరిపినపుడు ఆ తండ్రియే సాక్ష్యమిచ్చుచు తన దోషము నొప్పుకొనెను.

బాలికకు చదువు అంతంతమాత్రము. బుద్ధి మందమని తలచి ఊరివారామెను ‘బాతు’ అని హేళన చేసిరి. ఆమె కోపగింపలేదు. విచెంజాలోని సన్న్యాసినీ మఠమున చేరి, బెర్తిల్లా యను పేరు గ్రహించినది. అచ్చటను ఆమెకు లభించినవి రొట్టెల బట్టీ, వంటయిల్లు, చాకిరేవు పనులే. నర్సుపని నేర్చుకొనుటకై త్రెవీజో నగరపు ఆసుపత్రికి పంపినను, అక్కడి పెద్దలు మొదట గరిటెయే చేతికిచ్చిరి.

1907లో వ్రతదీక్ష పూర్తియైన పిదప, కంఠసర్పి సోకిన పసిబిడ్డల వార్డున ఆమెను నియమించిరి. ఆ వ్యాధి గొంతులో పొరవలె క్రమ్మి ఊపిరి నాపును. నేడు శిశువులకు టీకా కలదు. ఆనాడు తల్లుల కది యమదూత. ఊపిరాడక తల్లడిల్లు శిశువుల ప్రక్కన రాత్రింబగళ్లు నిలువవలసిన పని యది. మందబుద్ధి యనిపించుకొన్న ఆ పడుచు అచ్చట అందఱికంటె మిన్నగా రాణించెను. బిడ్డ ముఖమునుబట్టి బాధ నెఱుగు విద్య పుస్తకములలో దొరకునది కాదు గదా!

ప్రథమ ప్రపంచ యుద్ధమున, 1917లో, ఇటలీ సైన్యము కపొరెట్టో యొద్ద ఓడి పియావే నదివఱకు వెనుకకు తగ్గెను. త్రెవీజో రణరంగమునకు చేరువైనది. విమానములు బాంబులు కురిపించుచుండగా, కదలింపరాని రోగులను విడువక ఆమె ప్రార్థించుచు, కాఫీ అందించుచు వారి మంచములయొద్దనే నిలిచినది. ఇంతటి సేవ చేసినను, పిదప లొంబార్డీ సీమలోని సైనిక చికిత్సాలయమున ఒక పై అధికారిణి ఆమె గుణము గుర్తింపక బట్టలుతుకు పనికి మార్చెను. ఆమె ఎదురాడలేదు. 1919లో మరల త్రెవీజోకు రప్పించి పిల్లల వార్డు నప్పగించిరి.

ఈ సేవయంతయు ఆరోగ్యవతి చేసినది కాదు. యౌవనారంభముననే ఆమె దేహమున కంతి పుట్టినది. శస్త్రచికిత్స జరిగినను మరల పెరిగినది. ఆ వేదనతోనే ఆమె పరుల వేదన తీర్చుచుండెను. 1922లో మరల చేసిన శస్త్రచికిత్స ఫలింపలేదు. అక్టోబరు 20వ తేదీన, 34 ఏండ్ల ప్రాయమున, ఆమె కన్నుమూసెను. 1961 మే 11న ఇరువదిమూడవ జాన్ పోపు ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించిన ఉత్సవమున బంధువులతోపాటు ఆమె సేవలందుకొన్న రోగులును కొందఱు ఉండిరి. అప్పటికి ఆమె పోయి 38 ఏండ్లు దాటినవి. ఇంతకంటె గొప్ప సాక్ష్యమేమి కావలెను?

భాగవత నవమస్కంధమున రంతిదేవుడు 48 దినములు పస్తుండి, చివరకు దొరకిన అన్నమును, త్రాగబోవు నీటిని సయితము అతిథుల కిచ్చివేసెను. అతడు కోరినది అష్టసిద్ధులు గాదు, మోక్షము గాదు. ప్రాణుల దుఃఖము తాను భరింపవలెనని మాత్రమే. ఆ కోరికయే ఈ పల్లెపడుచు మంచముల నడుమ ఆచరించినది.

సోదరులారా! మన యాడపిల్ల నర్సుపని నేర్చుకొందునన్నచో ‘పరుల మలమూత్రము లెత్తు పని మనకేల?’ అని ముఖము చిట్లించు పెద్దలు ఇంకను కలరు. ఆసుపత్రి మంచమెక్కిన నాడు మన దృష్టి వెదకునది అట్టి బిడ్డనే. చదువున వెనుకబడిన బాలుని మొద్దు అని పిలుచుటకు ముందును బ్రెందోలా ‘బాతు’ను తలచుకొనుడు.

తల్లులారా! మీకొక మాట. ఆమె ఓర్పును కొనియాడుదము గాని, ఓర్పు పేరిట మీరు నొప్పిని దాచవలదు. ఆనాటి వైద్యమునకు లేని శక్తి నేటి వైద్యమునకు కలదు. రొమ్ములోని గడ్డను, అకాల రక్తస్రావమును సిగ్గుపడి కప్పిపుచ్చక వెంటనే వైద్యునికి చూపుడు. క్యాన్సరును తొలిదశలో కనిపెట్టినచో నయమగుట కవకాశము మెండు. సేవచేయువారి దేహమును సేవకు పాత్రమైనదే.

లెక్కలవానిగా ఒక్కటి మనవిచేసి విరమింతును. జమాఖర్చు పుస్తకమున ఖర్చు పెరిగినకొలది నిలువ తరుగును. సేవ యను ఖాతాయందు మాత్రము ఖర్చే నిలువ.