రిపోర్టు అడిగి చూడండి

  

ప్రభుత్వ ఇంజనీరుగా మొదట సీఆర్‌లు, అంటే ఉద్యోగి పని మీద పై అధికారి ఏటా రాసే రహస్య రిపోర్టులు, రాయించుకున్నాను, తర్వాత రాశాను. ఒక ఆఫీసులో ఏడాదంతా సైటు వదలని కుర్రాడొకడు ఫిబ్రవరిలో ఒక బిల్లు మీద సంతకం పెట్టనన్నాడు. మార్చి ఆఖర్లో రాసిన రిపోర్టులో అతని ఏడాది పని లేదు, ఆ ఒక్కరోజు కోపమే ఉంది. ఆ అధికారి సొంత ఊరివాడికి మాత్రం అన్ని గడుల్లోనూ ‘వెరీ గుడ్’.

ఒక్కదాన్ని బట్టి అన్నింటినీ తూచే ఈ జబ్బు మన దగ్గరే పుట్టింది కాదు. 1920లోనే థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త సైన్యంలో పై అధికారులు వేసిన మార్కులు పరిశీలించాడు. దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక దేనికదే విడిగా తూచాల్సినవి. కానీ ఒకదాంట్లో మంచివాడనిపించుకున్నవాడికి అన్నింట్లోనూ మంచి మార్కులే పడ్డాయి. మన బంగారుపాళ్యం తోతాపురి మామిడికాయకైనా గుజ్జు ఫ్యాక్టరీలో తీపి కొలిచే మీటరుంది. మనిషి పనికి మాత్రం అధికారి జ్ఞాపకమే కొలత.

నా దిగులంతా పట్టాలు అందుకుని ఉద్యోగాలకు వెళ్లబోయే మీ మొహమాటం గురించే. పెద్దవాళ్లను అడిగితే తప్పని మీరనుకుంటారు. ఏం తప్పురా? అడిగినవాడి సంగతి వినండి. దేవ్‌దత్ అనే సరిహద్దు రోడ్ల ఇంజనీరుకు 1993-94 రిపోర్టులో ‘గుడ్’ అని రాశారు. ఆయన ప్రమోషన్‌కు ‘వెరీ గుడ్’ కావాల్సి ఉండింది. ‘గుడ్’ చెడ్డమాట కాదు కదా అని ఆయనకు చెప్పనేలేదు. ఆయన సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. ఏ రిమార్కయినా ప్రభుత్వ ఉద్యోగికి తెలపాల్సిందేనని 2008లో తీర్పొచ్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. ఆ మరుసటి ఏడాది కేంద్రం రిపోర్టు మొత్తం చూపించాలని, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులివ్వాలని ఉత్తర్వులిచ్చింది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే, ఆయన పోరాడి తెచ్చిన హక్కును మీరు రిపోర్టు చదవకుండా సంతకం పెట్టి పారేస్తారా?

ప్రైవేటు ఉద్యోగానికి చెన్నైకి పోయినా, బెంగళూరుకు పోయినా, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చేరినా నెలనెలా చేసిన పని తేదీతో రాసుకోండి. రేటింగ్ తగ్గితే ఏ పనికి తగ్గిందో మర్యాదగా అడగండి. రేపు మీ కింద పదిమంది ఉంటారు. వాళ్ల పేర్లతో ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరేం చేశారో రిపోర్టు ఏడాది మొదలయ్యే ఏప్రిల్ నుంచే రాయండి. నేనట్లే రాసేవాణ్ణి. మార్చిలో దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే, జూన్‌లో వానలో నిలబడి కాంక్రీటు పోయించినవాడి పేరు తప్పకుండా కనబడేది.