సుస్తీ జీతం ఎవరి బాధ్యత?



మఖ్దూం మొహియుద్దీన్‌ను కవిగా తలచుకునే సభలు చాలానే జరుగుతాయి. ఆయన హైదరాబాద్ కార్మికులను సంఘాలుగా కూడగట్టిన నాయకుడు కూడా. 1952లో మన ఉమ్మడి నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ నుంచే శాసనసభకు గెలిచారు. ఆ కార్మిక నాయకుని స్మారకోపన్యాసం కాబట్టే ఉద్యోగుల రాజ్య బీమా పథకాన్ని, అంటే ఈఎస్ఐని ఎంచుకున్నాను.

జ్వరంతో పడుకున్న కార్మికునికి కూలి ఎవరివ్వాలి? 1883లోనే బిస్మార్క్ కాలపు జర్మనీ దీనికి చట్టం చేసింది. మన దగ్గర 1943లో ప్రొఫెసర్ బి.పి.అదార్కర్‌కు కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని అప్పగించారు. మరుసటి ఏడు ఆయన నివేదిక ఇచ్చారు. 1948లో చట్టమైంది. అమలు మాత్రం చిక్కుల్లో పడింది. పథకాన్ని ఒక్కో ప్రాంతంలో మొదలుపెడదామంటే యజమానులు ఒప్పుకోలేదు. తమ ఊళ్లోనే చందా వసూలు చేస్తే, ఆ భారం లేని పక్క ఊరి మిల్లు సరుకు చౌకగా అమ్ముకుంటుందన్నారు. స్వార్థం ఉన్నా, న్యాయమైన మాటే అది. 1951 సవరణతో పథకం ఇంకా రాని చోట్ల కూడా యజమానులపై కొంత చందా వేసి ఆ తగవు తీర్చారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ ప్రారంభించారు. అదే రోజు ఢిల్లీలోనూ మొదలైంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లు దీని కిందికి వస్తారు. 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. 15,000 జీతం మీద యజమాని కట్టేది 488 రూపాయలు. రెండు వాటాలనూ మరుసటి నెల 15వ తేదీలోపు ఆయనే జమచేయాలి. తన వాటాను కార్మికుని జీతంలో కోయరాదు.

బ్రిటన్‌లో సుస్తీ జీతం యజమానే చెల్లిస్తాడు. ఇక్కడ ఈఎస్ఐ కార్పొరేషన్ నిధి చెల్లిస్తుంది. ఆరునెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, దానికి తగ్గ భృతి కాలంలో సగటు రోజు జీతంలో 70 శాతం వస్తుంది. ఏడాదికి 91 రోజుల దాకా. ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం, ఎక్కువ కాలం. ఆ భృతి తీసుకుంటున్న రోజుల్లో కార్మికుణ్ని పనిలోంచి తీసేయకూడదు. చందా ఎగ్గొట్టి భృతి పోగొట్టిన యజమాని నుంచి కార్పొరేషన్ సొమ్ము రాబట్టుకోగలదు.

అంటే 488 రూపాయలతో యజమాని తన నెత్తిమీది పెద్ద బరువును దించుకుంటున్నాడు. దీన్ని ‘దండుగ ఖర్చు’ అనేవాళ్లకు లెక్కలు రావనే అంటాను. పదో మనిషిని రిజిస్టరులో రాయకుండా దాచే తెలివి మరీ చవకబారుది.

కానీ యజమానే లేనివాళ్లకు ఈ చట్టం ఏమిచ్చింది? ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మన మర్రిగూడ రైతులకు, కూలీలకు పని పోయిన రోజున 70 శాతం లెక్కగట్టే వాళ్లెవరూ లేరు. డెబ్బై ఏళ్లు దాటిన ఈ పథకంలో అతి పెద్ద లోటు అదే.

ఇక్కడి నుంచి హైదరాబాద్, చౌటుప్పల్ కంపెనీలకు పోయే తమ్ముళ్లకు ఒక్క మాట. చేరిన రోజే ఈఎస్ఐ నంబర్ అడగండి. ఇంటివాళ్ల పేర్లు అందులో రాయించండి.