ఉష్ణమాపకమునకు ఒర

మందమర్రి గనులలో దిగినవారికి ఒక చిన్న పరికరము తెలిసియుండును. ఒకే చట్రములో రెండు ఉష్ణమాపకములను పక్కపక్కన బిగించి, పసిపిల్లల గిలక్కాయను త్రిప్పినట్లు దానిని చేతబట్టి గిరగిర త్రిప్పుదురు. రెండును ఒకే రకపు గాజు గొట్టములు. కాని ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టియుండును, రెండవదానికి ఉండదు. ఒకేచోట, ఒకే నిమిషమున ఆ రెండును వేర్వేరు అంకెలు చూపును. పొడిబుడ్డి 34 డిగ్రీలన్నచోట తడిబుడ్డి 30 అనవచ్చును. ఇందులో ఏది అబద్ధము? రెండును నిజమే. మొదటిది గాలి వేడిమిని చెప్పును. ఆ గాలిలో పనిచేయు మనిషి ఒంటిమీది చెమట ఎంతమాత్రము ఆరగలదో రెండవది సూచించును. బొగ్గుగనుల నిబంధనలలో పట్టింపు ఈ తడిబుడ్డి అంకెకే ఎక్కువ. పనిచోట అది 33.5 డిగ్రీలను దాటరాదు, 30.5 దాటినచో గాలి సెకనుకు మీటరు వేగమునకు తగ్గకుండ వీచవలెను. ఇంత తేడాను తెచ్చినది ఒక గుడ్డపేలిక. అది మురికిపట్టినను, ఆరిపోయినను అంకె మారిపోవును. అనగా పరికరముమీది తొడుగు కూడ పరికరములో భాగమే.

వర్క్‌షాపులో ఫిట్టరుగా ముప్పది సంవత్సరములు పనిచేసి, ఈ సంగతిని ప్రతిదినము కండ్లార చూచిన నేను, ఇంటివద్ద దానిని మరచి ఒక డ్రమ్ము పిండిని మోరీపాలు చేసినాను. ఆ కథయు, ఆ మీదట నేర్చుకొన్న పనియు ఈనాడు మీకు మనవి చేయదలచినాను.

నేను ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట మా ఇల్లాలు ఇడ్లీపిండి రుబ్బి అమ్ముట మొదలుపెట్టినది. రాత్రి పది కిలోల పిండి కలిపి స్టీలు డ్రమ్ములో ఉంచును. తెల్లవారుజామున అది పొంగియుండవలెను. మొదటి బదిలీకి పోవువారి ఇండ్లనుండి పిల్లలు గిన్నెలు పట్టుకొని ఐదుగంటలకే వచ్చెదరు. ఎండకాలములో చిక్కు లేదు. పిండి పొంగి డ్రమ్ము మూతను తానే లేపును. కాని పూర్వపు ఆదిలాబాదు జిల్లా చలి ఎట్టిదో మీరెరుగుదురు. డిసెంబరు వచ్చినదనగా పిండి కలిపినది కలిపినట్లే పడియుండును. ఇడ్లీపిండిని పొంగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైన దానిని శాస్త్రజ్ఞులు ల్యూకోనాస్టాక్ అందురు. దానికి 25 మొదలు 30 డిగ్రీల వెచ్చదనము చాలును. అంతకంటె చలిలో అది నిద్రపోవును; బాగుగా వేడెక్కినచో వెనుకబడును, పులుపుజాతి జీవులు విజృంభించును.

అందుచేత నేను ఒక చెక్కపెట్టె చేసి, అందులో 60 వాట్ల పాతరకపు బల్బు పెట్టి, బజారులో దొరకు ఉష్ణనియంత్రకము నొకదానిని బిగించినాను. వేడిమి 28 డిగ్రీలకు చేరగానే బల్బు ఆరిపోవును, తగ్గగానే వెలుగును. వేడిని చూచు సెన్సరును పెట్టెలోపలి గాలిలో వ్రేలాడదీసినాను. అది మొదటి పొరపాటు. గాలి నాలుగు నిమిషములలో వెచ్చబడును, బల్బు ఆరిపోవును. పది కిలోల పిండి వెచ్చబడుటకు కొన్ని గంటలు కావలెను. తెల్లవార్లు బల్బు కన్నుగొట్టుచునే యున్నది, పిండి చల్లగనే యున్నది.

రెండవ పొరపాటు దీనికంటె పెద్దది. సెన్సరును తీసి నేరుగా పిండిలోనే ముంచినాను. అమ్మినవాడు నీరు చొరనిదని చెప్పినాడు. చూచుటకు వ్రేలెడు స్టీలు గొట్టము, వెనుక నల్లని తీగ. మూడు వారములు చక్కగా పనిచేసినది. స్టీలునకు ఏమియు కాలేదు కాని, గొట్టమునుండి తీగ వెలికివచ్చుచోట పూసిన జిగురు విడిచినది. పులిసిన నీరు ఆ సందున లోనికి దిగి తీగల అతుకును తినివేసినది. ఈ రకపు సెన్సరు 25 డిగ్రీలవద్ద 10,000 ఓముల నిరోధము చూపును. వేడిమి హెచ్చినకొలది నిరోధము తగ్గును. అతుకు చెడి నిరోధము పెరుగగానే నియంత్రకము దానిని చలి యని భ్రమించినది. రాత్రియంతయు బల్బును ఆర్పలేదు. తెల్లవారి చూడగా అంకె 24 చూపుచున్నది, డ్రమ్ముపై చేయి వేసినచో చుర్రుమన్నది. పిండి పొంగి కూలి, ముక్కుకు ఘాటెక్కు పులుపు కొట్టుచున్నది. మా ఇల్లాలు నన్ను చూచి, "మీ మిషన్‌కు చలి పెడుతున్నదంట, నా పిండికి జ్వరమొచ్చింది," అన్నది. గిన్నెలతో వచ్చిన పిల్లలను వట్టిచేతులతో పంపవలసివచ్చినది. కొందరు మరునాడు రాలేదు, ఇంకొకచోట కొనుక్కొన్నారు.

ఆ ఆదివారము అమెరికానుండి మా మేనల్లుడు ఫోను చేసినప్పుడు ఈ మాట వచ్చినది. అతడు నవ్వి, "మామయ్యా, ఇక్కడ ఇంట్లో బీరు పులియబెట్టుకొనేవాళ్లు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు," అన్నాడు. ఆ దేశమున ఇంటి వాడకమునకు బీరు చేసికొనుటను 1978లో కేంద్ర చట్టము ఒప్పుకొన్నది; ఒక్క పెద్దవాడున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలనులు, ఇద్దరున్నచో 200. మన రాష్ట్రములో లైసెన్సు లేక ఇంట మద్యము చేయుట నేరమని వేరుగ చెప్పనక్కరలేదు. నాకు పనికివచ్చినది వారి బీరు కాదు, వారి గొట్టము. బార్లీరసములో ఈస్టు పనిచేయునప్పుడు తనంతట తానే వేడి పుట్టించును. గది చల్లగానున్నను పాత్ర నడుమ కొన్ని డిగ్రీలు ఎక్కువగా ఉండవచ్చును. ఒక జాతి ఈస్టు 18 నుండి 22 డిగ్రీలలోనే మంచి రుచి నిచ్చును. కనుక పాత్ర నడిబొడ్డున వేడిమి తెలియవలెను, సెన్సరునకు మాత్రము రసము తగులరాదు. అందుకు ఒక కొన మూసిన స్టీలు గొట్టమును మూతగుండ పాత్రలోనికి దింపి, దానిలో సెన్సరును జారవిడుతురు. కత్తికి ఒర వంటిది ఇది. సెన్సరును ఎప్పుడు కావలెనన్న అప్పుడు తీయవచ్చును, మార్చవచ్చును.

బట్టీలకును ఉష్ణమాపకమునకును చుట్టరికము పాతదే. ఉష్ణమునకును పనికిని గల లెక్కను తేల్చిన జేమ్స్ జూల్ 1818లో ఇంగ్లండులోని సాల్‌ఫర్డున బీరు బట్టీ నడుపు కుటుంబములో పుట్టినవాడు. డిగ్రీలో చిన్న భిన్నములను చదివితినని ఆయన చెప్పగా పండితులు తొలుత నమ్మలేదట. బట్టీలో పెరిగిన చేతికి అది అలవాటని వారికి తట్టియుండదు.

ఇక ఒర చేయు విధానము. గొట్టము 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలుది కావలెను. రాగి వేడిని ఎక్కువగా ప్రసరింపజేయును గదా, అది మేలు కాదా యని నాకును తోచినది. కాని ఇత్తడి గిన్నెలో పెరుగు తోడుపెట్టినచో కిలుమెక్కుట మన ఇండ్లలో ఎరుగనివారెవరు? కళాయి పూయించినది అందుకే గదా. పులియు వస్తువునకు రాగి, ఇత్తడి తగవు. పైగా రాగి గొట్టము పైనున్న గదిచలిని కూడ అంత వేగముగను లోనికి తెచ్చి అంకెను చెరుపును.

నా సెన్సరు లావు 6 మిల్లీమీటర్లు. గొట్టము వెలుపలి వ్యాసము 8, లోపలిది 7. ఒర తన వ్యాసమునకు పదిరెట్లైనను పిండిలో మునిగియుండవలెనని ఒక మోటు లెక్క కలదు. అనగా 80 మిల్లీమీటర్లు. నేను డ్రమ్ము లోతును బట్టి 200 ముంచినాను. అడుగు కొనకు స్టీలు బిళ్ల పెట్టి ఆర్గాను వెల్డింగు చేయించినాను. పాలక్యానులు బాగుచేయు దుకాణములలో ఈ పని తెలిసినవారుందురు. రేడియో మరమ్మతుకు వాడు టంకము ఇందుకు పనికిరాదు, అందులో సీసము కలియుట కద్దు. వెల్డింగు చేసినచోట గరుకు, గుంటలు లేకుండ నునుపుచేయుట తప్పనిసరి. ఆ గుంటలలో నిన్నటి పిండి దాగి నేటి పిండిని చెరుపును.

గొట్టము చేతికి రాగానే నమ్మరాదు. సైకిలు ట్యూబు పంక్చరు చూచునట్లు, పైకొనకు రబ్బరు గొట్టము తొడిగి, పంపుతో గాలి కొట్టుచు బకెట్టు నీటిలో ముంచవలెను. నా మొదటి గొట్టము అడుగున నూలిగింజంత బుడగ లేచినది. వెల్డరు ఒప్పుకొనలేదు, బకెట్టు తీసికొనిపోయి చూపినాను, మాటాడక మరల వెల్డు వేసినాడు.

సెన్సరునకును గొట్టమునకును నడుమ చుట్టును అర మిల్లీమీటరు గాలిపొర మిగులును. కంబళి వెచ్చగా నుండుట ఎందుచేతనో ఈ పొర చెడుపుచేయుటయు అందుచేతనే. గాలికంటె నీరు ఇరువదిరెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. నీరు పోసినచో తీగకు మరల ముప్పు. అందుకని వేరుశెనగ నూనె పోసినాను. సెన్సరు మునుగుటకు అర మిల్లీలీటరు, అనగా పది చుక్కలు చాలును. ఎన్నడైన కారినను తిను నూనెయే గనుక భయములేదు. ఏడాదికొకసారి మార్చినచో కంపుకొట్టదు. తీగకు నూనె పడదు, కావున చుక్కలు లెక్కపెట్టియే పోయవలెను. పైనోటికి మెత్తని సిలికాను బిరడా పెట్టి తీగను అందులోగుండ తీసినాను. బల్బు, నియంత్రకము నడుచునది ఇంటి కరెంటుతో గనుక లోహపు డ్రమ్మునకు ఎర్తు తీగ కట్టినాను. గనిలో పనిచేసినవానికి ఇది వేరుగ చెప్పవలసినది కాదు, ఇంటిలో చెప్పవలసియుండును.

పరీక్ష రెండుచోట్ల చేసినాను. దంచిన మంచుగడ్డలు నిండుగానున్న నీటిలో సున్న చూపవలెను. అర డిగ్రీ ఎక్కువ చూపినది. గోరువెచ్చని నీటిలో జ్వరము చూచు ఉష్ణమాపకముతో కలిపి ముంచగా, 38వద్దను అదే అర డిగ్రీ. రెండుచోట్లను తేడా ఒకటే గనుక నియంత్రకములో ఆ అర డిగ్రీని తగ్గించి పెట్టినాను. ఒర వలన ఒక నష్టము మాత్రము కలదు: కబురు ఆలస్యముగా చేరును. పిండి వేడెక్కిన కొన్ని నిమిషములకు గాని అంకె కదలదు, ఆరిన బల్బునుండియు పెట్టెలో ఇంకను వేడి దిగుచుండును. కనుక 30 కాక 28వద్దనే బల్బు ఆరునట్లు ఉంచినాను. పిండి 29కి పోయి నిలుచుచున్నది.

అటువంటివే రెండు గొట్టములు మేనల్లునికి పంపినాను. తన పాత్ర నడుమ గదికంటె నాలుగు డిగ్రీలు ఎక్కువున్నదని అతడు ఫోటో పంపినాడు. ఇక్కడ పిల్లలలో చాలమంది తిరిగి వచ్చినారు. మా ఇల్లాలు పడుకొనబోవునప్పుడు అంకెను ఒకసారి చూచును. కాని తెల్లవారుజామున లేచి మొదట చేయునది, మూతకు చెవి ఆనించి, లోపల బుడగలు చిటపటలాడుచున్నవో లేదో వినుట.